దృశ్యమునకు, శబ్దమునకు వేళ కుదుర్చుట

(రేగుంట పాఠశాల వార్షికోత్సవ సభలో విద్యార్థుల తల్లిదండ్రుల నుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు మాటలాడుట వాడుక. ఆ లెక్కలు నివేదికలో అచ్చయి యున్నవి; తీరికగా చూచుకొనవచ్చును. ఈసారి మన యిండ్లలో బీరువాల పైనను, ట్రంకుపెట్టెల యడుగునను పడియున్న వీడియో కేసెట్లను గూర్చి కొంత చెప్పదలచితిమి. పిల్లల చదువునకును, పాత కేసెట్లకును సంబంధమేమని మీరు అడుగవచ్చును. సంబంధము కలదు.

ఆ కేసెట్లలో పెండ్లిండ్లు ఉన్నవి, గృహప్రవేశములు ఉన్నవి, బతుకమ్మ ఆటలు ఉన్నవి. వాని నడుమ, కెమేరాను చూచి సిగ్గుపడుచు నాలుగు మాటలు చెప్పిన అవ్వలును, తాతలును ఉన్నారు. వారిలో పెక్కుమంది నేడు లేరు. వారు పలికినది ప్రాణహిత, గోదావరి యొడ్డుల తెలుగు. ఒక ప్రక్క మరాఠీ, ఒక ప్రక్క గోండీ పొరుగున పెరిగి, ఆ రెండింటి నుండియు మాటలను చేబదులు తీసికొని, తిరిగి ఈయని తెలుగు అది. మన పిల్లలు చదువు వాచకములలో ఆ తెలుగు కానరాదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పినది. దాని బలముతో వాచకములను అడుగవచ్చును, ఉపాధ్యాయులను అడుగవచ్చును. అవ్వ మాట తీరును అడుగుటకు ఏ కార్యాలయమునకు పోవుదుము? అది ఆ కేసెట్లలోనే యున్నది.

కేసెట్లను ఆడించు యంత్రములు మాత్రము తరిగిపోవుచున్నవి. వి.హెచ్.ఎస్. యంత్రములను చేయుచుండిన చివరి కంపెనీ, జపాను దేశపు ఫునాయి, 2016 జూలైలో ఆ పని మానినది. ఉన్నవానిని బాగుచేయువారును తగ్గుచున్నారు. కావుననే కొందరు తల్లిదండ్రులు తొందరపడి, తమ కేసెట్లను పట్టణములకు పంపి, డిస్కులలోనికో పెన్‌డ్రైవులలోనికో మార్పించి తెచ్చిరి. వానిలో కొన్నింటిని మాకును చూపిరి. ఒకదానిలో బొమ్మ పైభాగము గాలికి వంగిన గడ్డివలె ఒక ప్రక్కకు ఒరిగి యున్నది. ఇంకొకదానిలో అవ్వ నోరు మూసికొనిన తరువాత ఆమె మాట వినవచ్చుచున్నది. టేపు చెడినదని దుకాణదారు చెప్పెనట. ఆ టేపునే వి.సి.ఆర్.లో వేసి, పాత టెలివిజనుపై చూచిన మాటయు పెదవియు చక్కగా కలిసియే యున్నవి. టేపు చెడలేదు, మార్చునపుడు వేళ తప్పినది.

ఈ వేళ తప్పుట యనగా నేమి? వీడియో వృత్తివారు దీనిని సిగ్నలు టైమింగు అందురు. కోలాటము మీరందరు చూచినదే, పెక్కుమంది ఆడినదే. లోపలి వరుసయు బయటి వరుసయు ఎదురెదురుగా తిరుగుచుండును. తాళము పడిన క్షణముననే ఇద్దరి కర్రలును కలియవలెను. ఒకరు అరక్షణము ఆలసించిన కర్ర గాలిని కొట్టును. ఆ వెనుకవాడు తడబడును. రెండు చుట్లలో వరుస యంతయు చెదరును. ఆడువారిలో ఎవరికిని ఆట రాకపోలేదు. అందరును ఒకే తాళమును వినలేదు, అంతియే.

టెలివిజను బొమ్మయు ఇట్టిదే. అది తెరపై ఒక్కసారిగా పడునది కాదు. మన దేశమున వాడుకలో నుండిన పాల్ పద్ధతిలో బొమ్మను 625 గీతలుగా కోసి, గీత వెంట గీతగా పంపుదురు. సెకనుకు 25 బొమ్మలు; అనగా సెకనుకు 15,625 గీతలు. ఒక్కొక్క గీతకు దక్కు కాలము 64 మైక్రోసెకన్లు. మైక్రోసెకను అనగా సెకనులో పదిలక్షలవ వంతు. ఈ 64లో బొమ్మకు చెందునవి 52. తక్కిన 12, కిరణము కుడి అంచునుండి మరల ఎడమ అంచునకు పోవుటకు విడిచిన విరామము. ఆ విరామములో 4.7 మైక్రోసెకన్లపాటు ఒక సంకేతము పడును. దానిని సింకు పల్సు అందురు. కోలాటమున తాళము చేయు పనిని ఇక్కడ ఆ పల్సు చేయును: గీత ఎచ్చట మొదలిడవలెనో తెరకు చెప్పును. తెర వెడల్పు 52 సెంటీమీటర్లు అనుకొందము. ఒక్క మైక్రోసెకను ఆలస్యమైన ఆ గీత సరిగా ఒక సెంటీమీటరు ప్రక్కకు జరుగును. కొన్ని గీతలు జరిగి కొన్ని జరుగకున్న, నిటారుగా నున్న గుంజ వంకరగా కనబడును.

కెమేరానుండి వచ్చునపుడు ఈ తాళము చక్కగానే యుండును. చిక్కు వచ్చునది టేపు దగ్గర. వి.సి.ఆర్. లోపల ఒక గుండ్రని డ్రమ్ము, నిమిషమునకు 1,500 చుట్లు తిరుగుచుండును. దానికి రెండు హెడ్లు. టేపు ఆ డ్రమ్మును ఏటవాలుగా చుట్టుకొని పోవును. ఒక్కొక్క హెడ్డు సగము బొమ్మను, అనగా ఒక ఫీల్డును, ఏటవాలు గాడిగా వ్రాయును, మరల చదువును. యంత్రము ముందు భాగమున నుండు ట్రాకింగు మీట, హెడ్డును ఆ గాడిపై సరిగా నిలుపుటకు ఏర్పడినది. అయితే టేపు ప్లాస్టికు పట్టీయే కదా! మన వైపు వేసవిని గూర్చి మీకు చెప్పవలెనా? ఎండకు సాగును, వానకాలపు తేమకు మారును. రబ్బరు రోలర్లు గట్టిపడి జారును. వ్రాసిననాటి పొడవు చదువునాటికి లేదు. కావున ఒక గీత 64 మైక్రోసెకన్లకు వచ్చిన, తరువాతిది కొంచెము ముందుగానో వెనుకగానో వచ్చును.

పాత గాజుగొట్టపు టెలివిజను దీనికి సర్దుకొని పోయెడిది; ఎడ్లబండి గతుకులకు సర్దుకొనినట్లు. నేటి కంప్యూటరు అట్లు కాదు. అది పట్టాలపై పోవు రైలు. లెక్కించిన క్షణమున గీత రాకున్న తికమకపడి, బొమ్మ మొత్తమునే విడిచిపెట్టును. శబ్దము వేరొక తీగపై వచ్చుచుండును కావున దానిని విడువదు. నిమిషమునకు ఒక్క బొమ్మ చొప్పున జారిపోయిన గంటకు 60 బొమ్మలు, అనగా 2.4 సెకన్లు. అవ్వ నోటికిని ఆమె మాటకును నడుమ ఏర్పడిన ఎడము ఇట్టిదే.

దీనికి మందు టైమ్ బేస్ కరెక్టరు అను యంత్రము. పేరు పెద్దది, పని మనకు తెలిసినదే. వాగు చెరువులోనికి ఒకనాడు పొంగి వచ్చును, ఒకనాడు సన్నగా వచ్చును. చెరువు ఆ నీటినంతయు పట్టి యుంచును. తూము మాత్రము పొలమునకు సమానమైన ధారగా విడుచును. టైమ్ బేస్ కరెక్టరును టేపునుండి వచ్చిన గీతలను, అవి వచ్చిన వేళకే, తన జ్ఞాపకపేటికలో నింపుకొనును. స్ఫటిక గడియారపు కొలతతో, సరిగా 64 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున బయటికి పంపును. వీనిలో రెండు తరగతులు కలవు. కొన్ని గీతలను మాత్రమే పట్టి యుంచునవి బొమ్మ వంకరను తీర్చును. పూర్తి బొమ్మను పట్టి యుంచునవి, బొమ్మలు జారిపోకుండ కాపాడును. మన కేసెట్లకు రెండును అవసరమే. మంచి తరగతి ఎస్-వి.హెచ్.ఎస్. యంత్రములు కొన్నింటిలో మొదటిది లోపలనే అమర్చి యుండును.

ఒక్క యంత్రము కథ ఇంత. స్టూడియోలో రెండు కెమేరాలు, ఒక టేపు యంత్రము ఉన్నవనుకొనుడు. ఒక్కొక్కటి విడిగా చూచిన బొమ్మ నిర్దోషము. ఒకదానినుండి వేరొకదానికి మారిన క్షణమున బొమ్మ ఎగిరిపడును. ఎందుకనగా మూడింటికిని మూడు తాళములు. కావున ఒకే చోటనుండి ఒక నల్లని సిగ్నలును, బొమ్మ లేక తాళము మాత్రమే గలదానిని, అన్నింటికిని పంపుదురు. దానికి బ్లాక్ బర్స్ట్ అని పేరు. దానికి కట్టుబడి నడచుటను జెన్‌లాక్ అందురు.

అంతటితో పని తీరదు. తీగ పొడవు కూడ లెక్కకు వచ్చును. సిగ్నలు తీగలో ఒక మీటరు పోవుటకు సుమారు 5 నానోసెకన్లు పట్టును. మైక్రోసెకనులో వెయ్యవ వంతు నానోసెకను. ఇంత చిన్న కాలము ఎవరికి కావలెనని తోచును. రంగుకు కావలెను. పాల్ పద్ధతిలో రంగును మోయు అల సెకనుకు 44 లక్షల 33 వేలకు పైగా ఊగును. ఒక ఊపునకు సుమారు 225 నానోసెకన్లు. ఆ ఊపును 360 డిగ్రీల వృత్తముగా భావించిన, ఒక మీటరు తీగకు సుమారు 8 డిగ్రీలు జరుగును. పది మీటర్ల తేడా గల రెండు కెమేరాలను ఒక తెరపై కలిపిన ఎర్ర చీర ఎర్రగా నుండదు. 1982లో మన దేశమున రంగుల ప్రసారములు మొదలైన తరువాత ఈ సర్దుబాటు నిత్యకృత్యమైనది. దగ్గరి కెమేరాకు అక్కరలేని తీగను చుట్టగా చుట్టి పెట్టి, దూరపు కెమేరాతో సమానము చేయు పద్ధతియు కలదు. చూచువారికి అది వృథా తీగవలె కనబడును.

సర్దువారు పాటించు వరుస ఇది. ముందుగా ఒకదానిని ప్రమాణముగా నిలుపుదురు. సాధారణముగా స్విచ్చరు స్వంత నలుపును. వేవ్‌ఫారం మానిటరుపై ఒక్కొక్క యంత్రపు సింకు పల్సు అంచును ఆ ప్రమాణపు అంచుతో కలుపుదురు. ఇది ముతక సర్దుబాటు. పిమ్మట వెక్టరుస్కోపుపై రంగు అలను త్రిప్పి కలుపుదురు. ఇది సన్ననిది. ముతకది ముగియక సన్ననిది పట్టుకొనిన శ్రమ వ్యర్థము. చివరకు రంగు పట్టీలను ఒక యంత్రమునుండి వేరొకదానికి మెల్లగా మార్చి చూతురు. రంగు కదలకున్న పని ముగిసినట్లు. ఇందులో ముఖ్యము వేరొకటి కలదు. కొలువవలసిన చోటు కెమేరా యొద్ద గాదు, అన్నియు వచ్చి కలియు స్విచ్చరు యొద్ద. బయలుదేరిన వేళ ఎట్లున్నను, చేరు వేళ ఒకటి కావలెను.

అందరికిని ఒకే ఆలస్యమైన హాని లేదనుటకు తెలుగువారి చరిత్రలోనే ఒక నిదర్శనము కలదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహ బోధనా టెలివిజను ప్రయోగము, ఆంగ్ల పొడి అక్షరములతో సైట్ అనబడినది, నడచినది. 1969లో విక్రం సారాభాయి కాలమున అమెరికాతో కుదిరిన ఒప్పందమునకు అది ఫలము. ఆయన దానిని చూడకయే 1971లో గతించిరి. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు. ఆంధ్రప్రదేశమున హైదరాబాదు, మెదకు, మహబూబునగరు, కర్నూలు జిల్లాల పల్లెలు అందులో నుండినవి. మహారాష్ట్ర ఆ ఆరింటిలో లేదు కావున మన తాలూకాకు ఆ భాగ్యము కలుగలేదు. కోళ్లగూటికి వాడునట్టి తీగవలతో అల్లిన పది అడుగుల గొడుగు ఒకటి ఊరిలో నిలిపిరి; ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి బొమ్మను దానికి నేరుగా పంపినది. పైకి పోయి క్రిందికి వచ్చుటకు సుమారు పావు సెకను. అయినను పల్లెలో ఎవరికిని ఇబ్బంది కలుగలేదు. బొమ్మయు శబ్దమును ఒకే ఆలస్యముతో వచ్చినవి.

ఆ ఉపగ్రహముపై ఒక బొమ్మకు రెండు శబ్దములను పంపు వీలుండెను. తెలుగు, కన్నడ ప్రాంతములకు అట్లు ఒకే బొమ్మపై రెండు భాషలు పంపిరి. పొలమును, ఎరువును చూపునపుడు ఈ యేర్పాటు చక్కగా సాగును. తెరపై మనిషియే మాటలాడునపుడు పెదవులు ఒక్క భాషకే సరిపడును. రెండవ భాషవారు కంటితో ఒకటి, చెవితో ఒకటి తెలిసికొనవలెను. రెండవ భాషవారి స్థితి ఈ సభలోని వారికి మేము వివరింప బనిలేదు.

పెదవి మాటకు సరిపడకున్న అంత నష్టమేమని కొంద రందురు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అను బ్రిటిషు పరిశోధకులు ఒక విచిత్రమును వెల్లడించిరి. ‘బ’ అను శబ్దమును వినిపించుచు, ‘గ’ అని పలుకు ముఖమును చూపిరి. వినినవారిలో పెక్కుమంది ‘ద’ అని వినబడినదనిరి. అనగా మాటను చెవి ఒక్కటియే వినదు; కన్నును వినును. ఎన్నడును వినని పదమును అవ్వ నోట మొదటిసారి వినబోవు పిల్లవానికి ఆమె పెదవియే సగము పాఠము. అది వేళ తప్పిన, ఆ పదము తప్పుగానే నాటుకొనవచ్చును.

ఎంత తేడాను మనము పట్టగలము? అంతర్జాతీయ ప్రసార ప్రమాణముల ప్రకారము, శబ్దము బొమ్మకంటె సెకనులో వెయ్యింట 45 వంతులు ముందుగా వచ్చిన కనిపెట్టుదుము. వెనుకబడిన 125 వంతుల దాక ఓర్చుకొందుము. ఈ పక్షపాతమునకు కారణము నదిలో కలదు. ఆవలి రేవున చాకలి బట్టను బండపై కొట్టినది ముందు కనబడును, చప్పుడు తరువాత వచ్చును. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లే పోవును. శబ్దము వెనుకబడుట సృష్టిలో నిత్యము చూచునదే. ముందుపడుట ఎచ్చటను లేదు. ఈ పందిరిలో వెనుక వరుసన, వేదికకు పదునాలుగు మీటర్ల దూరమున కూర్చున్న తల్లులకు మా మాట ఒక బొమ్మ ఆలస్యముగానే చేరుచున్నది. వారెవరును ఫిర్యాదు చేయలేదు.

సెల్‌ఫోను వచ్చిన తరువాత ఈ బాధలన్నియు పోయినవని తలచుట సరికాదు. రంగు అల బాధ పోయినది; తాళము బాధ పోలేదు. రెండు ఫోనులతో ఒకే నాటకమును తీసిన, రెండింటి గడియారములును ఒకటి కావు. పదిలక్షలకు ఇరువది వంతుల తేడా యున్నను, గంట గడచునప్పటికి సెకనులో వెయ్యింట 72 వంతులు, అనగా దాదాపు రెండు బొమ్మలు, తప్పును. కావున నేటి కార్యక్రమమును తీయుచున్న యువకులకు మా మనవి: మొదట ఒకసారి, చివర మరియొకసారి రెండు ఫోనులకును కనబడునట్లు గట్టిగా చప్పట్లు చరువుడు. కలుపువారికి అవి రెండు గుర్తులు.

ఇక కేసెట్ల సంగతి. మార్పించుటకు ఇచ్చుచోట, టైమ్ బేస్ కరెక్టరు ఉన్నదా యని అడుగుడు. ఆ పేరు వినలేదనిన, కేసెట్టును తిరిగి తెచ్చుకొనుట మేలు. బొమ్మను ఒక యంత్రములోను, శబ్దమును వేరొక యంత్రములోను ఎక్కింపనీయకుడు. తిరిగి వచ్చినదానిని మొదలు మాత్రమే చూచి సంతోషింపరాదు. వేళ తప్పుట క్రమముగా పెరుగునది గావున చివరి పది నిమిషములను చూడవలెను. పెండ్లి కేసెట్టులో ఇది సులభము: డప్పుపై పుల్ల పడిన క్షణముననే దెబ్బ వినబడుచున్నదా? అమెరికానుండి బంధువులు పంపిన కేసెట్లను విడిగా కట్టుడు. అక్కడి పద్ధతి 525 గీతలది, సెకనుకు సుమారు 30 బొమ్మలది. డిస్కు వచ్చినది గదా యని మూల కేసెట్టును పారవేయకుడు. రేపు ఇంతకంటె మంచి యంత్రము దొరకిన, దానికి కావలసినది ఆ టేపే.

కేసెట్టుపై కాగితము అతికించి, అందులో మాటలాడువారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఆ ముఖములను గుర్తుపట్టగలవారు ఇంటనుండగనే ఈ పని జరుగవలెను. పిల్లలచేత వ్రాయించిన మరియు మంచిది. కిటికీలోనుండి చూచినపుడు టేపు అంచున తెల్లని బూజు కనబడిన కేసెట్టును మాత్రము ఏ యంత్రములోను వేయకుడు. ఆ బూజు హెడ్లకు అంటి, తరువాత వేసిన వానికన్నింటికిని ప్రాకును. అట్టివానిని వేరొక కాగితపు సంచిలో నుంచి, సంచిపై ‘బూజు’ అని పెద్ద అక్షరములతో వ్రాసి, పాఠశాల కార్యాలయమున అప్పగింపుడు.